చేపలకు వేసిన మాత్రలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. జీతం లేదు గానీ లంచం ఉండేది. మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి ఇంటికొచ్చినప్పుడు మా నాయనమ్మ చేత బీపీ మాత్ర మింగించాలి. మింగిందో లేదో నోరు తెరిపించి చూడాలి. సాయంత్రం నాన్న పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అడిగితే, వేసుకుందని చెప్పాలి. అంతే పని. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఆ తరువాత పెద్దయ్యాక టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేరి, ముప్పై ఏళ్లపాటు ఎవరి మాటలో ఎవరికో కలుపుతూ మంచిపేరుతోనే రిటైరయ్యాను. ఆ మొదటి ఉద్యోగం సంగతి మాత్రం ఎక్కడా చెప్పుకోలేదు. చెప్పుకోదగ్గట్టుగా చేసి ఉంటే కదా.

మా ఇల్లు గోదావరి కాలవ గట్టుకి దిగువన ఉండేది. వీధి అరుగు మీద కూర్చుంటే గట్టు మీద నడిచేవాళ్ల కాళ్లు ముందు కనిపించేవి, మనుషులు తరువాత కనిపించేవారు. మా నాయనమ్మ కాళ్లను బట్టి మనిషిని పోల్చేసి, తల కనబడేలోపు పలకరింపు సిద్ధం చేసుకునేది. అప్పట్లో మా వీధిలో రేడియో రెండిళ్లలోనే ఉండేది. మిగతా ఇళ్లవాళ్లకి మా నాయనమ్మ ఉండేది. నాన్న పొలం నుంచి ఆలస్యంగా వస్తే, "ఏరా, గట్టు మీదే మంచం వేయించమంటావా, దుప్పటి కూడా పంపనా?" అనేది. అమ్మ పప్పులో ఉప్పు తగ్గితే, "అమ్మాయ్, ఉప్పు బయల్దేరిందా, ఇంకా దారిలోనే ఉందా?" అనేది. ఎవరినీ నొప్పించే మాటలు కావవి. ఆ మాటలు తమ మీద పడకపోతే ఆ పూట ఏదో వెలితిగా ఉందనుకునేవారు వీధిలో వాళ్లు.

అలాంటి మనిషికి ఒక ఎండాకాలం పొద్దున, జంతికలు వత్తుతూ ఉండగా, చేతిలోంచి గొట్టం జారిపోయింది. అమ్మ "ఏమైందండీ అత్తయ్యగారూ?" అని అడిగితే జవాబు చెప్పింది గానీ, ఆ జవాబు కలిపిన పిండిలాగే ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యీ కుడి కాలూ ఆవిడవి కానట్టు వేలాడిపోయాయి. నాన్న అద్దె కారు మాట్లాడి రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. పక్షవాతం అన్నారు. మెదడుకి పోయే నెత్తురు ఒక చోట ఆగిందనీ, రక్తపోటు ఎక్కువగా ఉండడం వల్ల వచ్చిందనీ చెప్పారు. మా అదృష్టం బాగుండి మూడు నెలల్లో ఆవిడ కాలు నడకకు వచ్చింది, చెయ్యి ముద్దకు వచ్చింది. మాట సంగతి చెప్పక్కర్లేదు, అది అన్నిటికంటే ముందే లేచి కూర్చుంది.

ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరుగారు నాన్నను పక్కకు పిలిచి రెండు ముక్కలు చెప్పారట. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే భయం మిగతావాళ్లకంటే ఎక్కువని ఒకటి. అందుకని ఈ మాత్ర రోజూ, జీవితాంతం వేసుకోవాలని రెండోది. నాన్న రెంటికీ తల ఊపి వచ్చాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ 'జీవితాంతం' అనే మాట మా ఇంట్లో ఎవరికీ సరిగా ఎక్కలేదనిపిస్తుంది. మాకు మందంటే మూడు రోజులు, మరీ మొండి రోగమైతే ఒక మండలం. తగ్గాక కూడా మందు మింగడమంటే, పెళ్లయిపోయాక కూడా రోజూ వెళ్లి పెళ్లిచూపుల్లో కూర్చోవడంలా ఉండేది.

దానికి తోడు కోరుకొండ మొక్కొకటి. నాయనమ్మ మంచాన ఉన్నప్పుడు, కాలూ చెయ్యీ తిరిగి ఇస్తే నీ మెట్లన్నీ నా కాళ్లతోనే ఎక్కుతానని నరసింహస్వామికి మొక్కుకుంది. ఎక్కేసింది కూడా. ఆ నిటారు మెట్లు ఎక్కడానికి దాదాపు సగం పూట పట్టింది. నాన్న ఒక పక్క, అమ్మ ఒక పక్క పట్టుకుంటే, మధ్య మధ్య కూర్చుని ఎక్కేవాళ్లందరినీ పలకరిస్తూ ఎక్కింది. దిగి ఇంటికొచ్చిన మర్నాడు నేను మాత్ర తీసి చేతిలో పెడితే, దాని వంకా నా వంకా చూసి గొంతు తగ్గించింది.

"ఒసేయ్ అమ్మడూ, నిన్ననేగా వెళ్లి స్వామికి కాలూ చెయ్యీ చూపించి, బాగైపోయింది తండ్రీ అని చెప్పొచ్చాను. ఇవాళ మళ్లీ మాత్ర మింగితే ఆయనేమనుకుంటాడే? దీనికి నా మీద నమ్మకం లేదనుకోడూ?"

దేవుడి దగ్గర మొహమాటపడిన మనిషితో డాక్టరు మాత్రం ఏం వాదించగలడు? పైగా ఆ మాత్ర వేసుకుంటే ఊరికే దొడ్లోకి వెళ్లాల్సి వస్తోందనీ, అరుగు మీద నాలుగు మాటలు మాట్లాడేలోపు ఐదుసార్లు లేవాల్సి వస్తోందనీ ఆవిడ అసలు బాధ. అది కొడుక్కి చెప్పుకోలేదు. కోడలికి చెబితే కొడుకు చెవిన పడుతుంది. అందుకని మొదటి రెండు రోజులూ మాత్ర బుగ్గన పెట్టుకుని, నీళ్లు తాగి, నాకు నోరు తెరిచి చూపించి, దొడ్లోకి వెళ్లి ఉమ్మేసింది. మూడోరోజు పట్టుకున్నాను. నాకు పట్టుకోవడం వచ్చు గానీ పట్టుకున్నాక ఏం చెయ్యాలో రాదు. అది కనిపెట్టిన నాయనమ్మ లోపలికి వెళ్లి, జాడీలోంచి అరచేతి మందాన మామిడి తాండ్ర ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

అప్పటి నుంచి మా మధ్య దాపరికం పోయింది. మింగినట్టు నటించే శ్రమ ఆవిడకి తప్పింది, నోరు చూసే శ్రమ నాకు తప్పింది. ఆవిడ మాత్ర నా చేతికిచ్చేది, దాంతోపాటు తాండ్ర ముక్క. నేను తాండ్ర చప్పరిస్తూ మళ్లీ బడికి పోయేటప్పుడు, దారిలో కాలవ రేవు మెట్ల మీద నిలబడి మాత్రను నీళ్లలోకి విసిరేదాన్ని. ఆ వానాకాలమంతా మా కాలవలో చేపలకి రక్తపోటు వచ్చి ఉండదు. సాయంత్రం నాన్న చెంబుతో కాళ్లు కడుక్కుంటూ తల తిప్పకుండా, "అమ్మ మాత్ర వేసుకుందా?" అనేవాడు. "వేసుకుంది నాన్నా" అనేదాన్ని. మొదటిసారి ఆ మాట గొంతులో కాస్త అడ్డం పడింది. తాండ్రతోపాటు అదీ జారిపోయింది. తరువాత తరువాత అడ్డం పడడం కూడా మానేసింది.

దసరా వెళ్లాక నాయనమ్మ తల వెనక పట్టేసినట్టుందని అనడం మొదలుపెట్టింది. తలకి గుడ్డ కట్టుకుని అరుగు మీద కూర్చునేది. అమ్మ శొంఠి అరగదీసి పట్టు వేసేది. నాకు ఒకరోజు భయం వేసి, "నాయనమ్మా, ఇవాళొక్కటి వేసుకోవే" అన్నాను. "పిచ్చి మొహమా, తలనొప్పికి బీపీ మాత్రేంటే?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు చాలా హాయిగా అనిపించింది. పెద్దవాళ్లు నవ్వితే పిల్లల భయాలకి సెలవు దొరుకుతుంది కదా.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి పిలిచింది. నా పేరులో మొదటి అక్షరం వచ్చింది, రెండోది రాలేదు. చేతిలో ఉన్న తడి చీర జారి మట్టిలో పడింది. దాని వెనకే ఆవిడా కూలబడిపోయింది. నేను కేక పెట్టానో లేదో గుర్తులేదు. అమ్మ పరుగెత్తుకురావడం, వీధిలో నలుగురు ఆవిణ్ణి మంచం మీద వేసి ఎత్తి గట్టెక్కించడం, కారు తలుపు మూయడం, ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. ఈసారి ఆసుపత్రిలో చాలా రోజులుంచారు. ప్రాణం దక్కింది. కుడి వైపంతా పోయింది. మాట పోయింది.

నాన్న నన్నొక రోజు చూపించడానికి తీసుకెళ్లాడు. వరండాలో డాక్టరుగారు కాగితాలు తిరగేస్తూ, "మాత్రలు రోజూ వేశారా?" అని అడిగారు. నాన్న నా భుజం మీద చెయ్యేసి, ఎంతో ధీమాగా, "ఒక్క రోజు కూడా తప్పలేదండి. మా అమ్మాయి దగ్గరుండి మింగించేది" అన్నాడు. డాక్టరుగారు నన్ను చూసి, "మంచిపిల్లవి" అన్నారు. ఆ తరువాత నొసలు ముడిచి, రోజూ వేసినా ఇంత పోటు ఎలా ఉందో అని తనలో తను అనుకుంటూ, ఏదో కొత్త మాత్ర రాశారు. ఆ వరండాలో నేను నోరు తెరవడానికి బోలెడంత వ్యవధి ఉంది. తెరవలేదు. మా నాయనమ్మ మాత్ర మింగలేదు, నేను మాట మింగాను. మా ఇద్దరిలో ఎక్కువ చేదు మింగింది నేనేనని ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. మంచం మీద పడుకుంది ఆవిడ.

ఇంటికి తెచ్చాక మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క. తల్లిని ఆ స్థితిలో చూసి ఒక పూటంతా ఏడ్చింది. ఏడుపు ఆగాక కోపం వచ్చింది. ఆవిడ కోపం మనుషుల మీదికి పోకుండా మాత్రల మీదికి పోయింది.

"ఒరే తమ్ముడూ, మింగించిన మాత్ర మింగించినట్టే ఉంది, రెండోసారి రానే వచ్చింది. ఇంకా ఆ బిళ్లలు పట్టుకుని వేలాడతావేంటిరా?"

అమ్మ మెల్లిగా, "డాక్టరుగారు మళ్లీ వేరేవి రాసిచ్చారు కదా వదినగారూ" అంది.

"రాయడానికేముందమ్మా, మొదటిసారీ రాసే ఇచ్చారు."

గోదావరి అవతల ఒక ఊళ్లో పక్షవాతానికి పసరు పోసే ఆయన ఉన్నాడనీ, వాళ్ల ఊరివాళ్లెవరో ఆ మందుతోనే లేచి తిరుగుతున్నారనీ అత్తయ్య చెప్పింది. ఒకటే నియమం. నలభై రోజులు ఇంగ్లీషు మందు నోట పెట్టకూడదు. నాన్న గోడకి ఆనుకుని, "నిజమేలే అక్కా. ఒక్క రోజు తప్పకుండా పిల్ల దగ్గరుండి వేయించింది. అయినా వచ్చిందంటే ఇంక ఆ మందును ఏమని నమ్మను?" అన్నాడు. గురువారం పొద్దున పడవకి వెళ్లడానికి నిర్ణయమైంది. కొత్త మాత్రలున్న రేకు డబ్బాను నాన్న అటక మీద పెట్టేశాడు.

నేను తలుపు పక్కన నిలబడి అంతా విన్నాను. అది మంగళవారం. ఆ ఇంట్లో ఆ మందు ఎప్పుడూ ఓడిపోలేదనీ, అసలు దాన్ని బరిలోకే దిగనివ్వలేదనీ తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరికి మాట లేదు. రెండోదానికి ధైర్యం లేదు. నా అబద్ధం నాన్న నోట్లోకి వెళ్లి, సాక్ష్యంగా మారి, ఇప్పుడు నాయనమ్మ మందును అటకెక్కించింది. మూడోసారి గనక వస్తే మనిషి దక్కదని ఆసుపత్రిలో అన్న మాట నేనూ విన్నాను. అయినా చెప్పలేకపోయాను. చెబితే నన్ను కొడతారనే భయం కంటే, నాన్న నా భుజం మీద వేసిన చెయ్యి తీసేస్తాడేమోనన్న భయం ఎక్కువ ఉండేది.

బుధవారం బడి ఎగ్గొట్టి రేవు మెట్ల మీద కూర్చున్నాను. కాలవ మీద లాకుల దగ్గర ఒక లస్కరు ఉండేవాడు. నీళ్లు వదిలే తలుపులు ఎత్తడం, దించడం, రోజూ గట్టు వెంబడి నడిచి ఎక్కడైనా బలహీనపడిందేమో చూసుకోవడం ఆయన పని. ముసలాయన. నేను లాకుల తాతయ్య అనేదాన్ని. ఆ వేళప్పుడు కర్ర పట్టుకుని గట్టు చూసుకుంటూ వచ్చి, నన్ను చూసి ఆగాడు.

"ఏంటమ్మా, ఈమధ్య చేపలకి మేత మానేశావు?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"రోజూ మధ్యాహ్నం వేసేదానివిగా. మరమరాలనుకునేవాణ్ణి. మరమరాలైతే తేలతాయి, చేపలు మూతులు పైకెడతాయి. నువ్వేసేవి రాయిలాగ మునిగిపోయేవి."

ఆ తరువాత ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే, మరమరాలేనని చెప్పేసేదాన్నేమో. అంత అలవాటైపోయింది నాకు. "ఊరికే కూచోడమెందుకు, రా, గట్టు చూసొద్దాం" అని ముందుకు నడిచాడు. వెనకే వెళ్లాను.

కాలవ ఒంపు తిరిగే చోట, రెండేళ్ల కిందట గండి పడింది. మా పొలంతో సహా ఎన్నో పొలాల్లో నాట్లు మునిగిపోయాయి. తరువాత సరుగుడు బాదులు పాతి, ఇసుక బస్తాలు వేసి, బంకమన్ను తొక్కి పూడ్చారు. నేను చూసేసరికి ఆ మేర గడ్డి మిగతా గట్టుకంటే పచ్చగా, ఒత్తుగా ఉంది. గండి పడిందని చెబితే తప్ప తెలియదు. తాతయ్య అక్కడ గట్టు దిగి, పొలాల పక్క అడుగున వంగి, కాలి బొటనవేలితో మట్టిని నొక్కి నొక్కి చూశాడు. తడి తగులుతుందేమోనని చూడడమట. ఒక అడుగు జరిగి మళ్లీ నొక్కాడు. అలా ఆ చివరి దాకా.

"బాగైపోయింది కదా తాతయ్యా, ఇంకా ఎందుకు చూడడం?" అన్నాను. ఆ మాట నాది కాదని, మా నాయనమ్మదని అప్పుడు నాకు తట్టలేదు.

"బాగైంది గాబట్టే చూడాలి. తెగని చోట రోజూ చూడకపోయినా పర్లేదు. ఇక్కడ పాత మన్నూ కొత్త మన్నూ పైకి కలిసినట్టుంటాయి గానీ లోపల కలవవమ్మా. నీటికి ఆ సందు తెలుసు" అన్నాడు. నా మొహం వంక చూడకుండా, గడ్డి పరక తెంపుతూ, "అసలిది తెగింది నా వల్లే" అన్నాడు.

గండి పడిన రోజు ఆయన మేనల్లుడి పెళ్లట. పొద్దున ఊళ్లో పెద్దలు అడిగితే, గట్టు చూసొచ్చానండి, బాగానే ఉందని చెప్పేసి పెళ్లికి పోయాడట. చూడలేదు. పొద్దు వాలేలోపు తెగింది. రెండు రోజులు ఎవరికీ నిజం చెప్పలేదట. ఎలకలు బొరియలు పెట్టాయని చెప్పాడట.

"మరి?" అన్నాను.

"మరేముంది, నా మాట నమ్మి ఊరు ఊరంతా ఎలకల వేటకి బయల్దేరింది. ఎలకల మందు తేవడానికి మనిషిని పంపుతున్నారు. ఇక్కడ చూస్తే రెండో పక్క కూడా ఊట కమ్ముతోంది. నా అబద్ధానికి ఊరు తప్పుడు మందేసుకుంటోందని అప్పుడు భయమేసింది. గట్టు పని చేయిస్తున్న మీ నాన్నగారి దగ్గరికెళ్లి చెప్పేశాను."

"నాన్న కొట్టాడా?"

"కొడితే బాగుండేది. ఇసుక బస్తా చూపించి, మోయండి అన్నారు. అందరికంటే నేనే ఎక్కువ మోశాను."

"చెప్పేశాక బరువు తగ్గిందా తాతయ్యా?"

ఆయన నవ్వాడు. "ఎక్కడ తగ్గుద్దమ్మా. దాని మీద బస్తా బరువు కూడా పడింది. గట్టు మాత్రం నిలబడింది."

నేను తొమ్మిదేళ్ల పిల్లని. ఆయన తెల్ల మీసాల మనిషి. ఒక పెద్దమనిషి తను సిగ్గుపడిన సంగతి పిల్లలతో చెప్పడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాత కూడా పెద్దగా చూడలేదు. మామూలుగా పెద్దవాళ్లు మన తప్పులు మనకి చెబుతారు. ఆయన తన తప్పు తీసి నా చేతిలో పెట్టి, కర్ర పుచ్చుకుని లాకుల వైపు వెళ్లిపోయాడు. నా సంగతి ఆయనకి ఎంతవరకు తెలుసో ఎప్పటికీ తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య మర్నాటి ప్రయాణానికి నాయనమ్మ చీరలు మూట కడుతోంది. నాన్న గుమ్మంలో కూర్చుని పడవలో పరవడానికి చాప చూస్తున్నాడు. నేను నిలబడి, అటూ ఇటూ చూడకుండా, "నాయనమ్మ మాత్రలు వేసుకోలేదు. నేను కాలవలో పారేశాను" అన్నాను. ఏదో పాఠం అప్పజెప్పినట్టు ఒకే ఊపిరిలో.

నాన్న చాప వదిలేశాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"కోరుకొండ వెళ్లొచ్చినప్పటి నుంచి."

అత్తయ్య మూట వదిలి నా మీదికొచ్చింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! మా అమ్మని చేతులారా..." అంటూ చెయ్యెత్తింది. అప్పుడు మంచం మీద నుంచి ఏదో శబ్దం వచ్చింది. నాయనమ్మ. అన్నిరోజుల్లో ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి శబ్దం అదే. ఎడం చెయ్యి చాపి నా గౌను అంచు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. తరువాత అదే చేత్తో తన గుండె మీద కొట్టుకుంది. ఒకసారి కాదు. మా అందరి వంకా చూస్తూ, "నే... నే... నే..." అంటూ. నేను చేశాను, దాన్ని అనకండి అని. వీధి మొత్తానికి మాటలు పంచిపెట్టిన మనిషికి ఆ రోజు ఒక్క అక్షరం మిగిలితే, దాన్ని నా కోసం ఖర్చుపెట్టింది.

నాన్న లేచి వెళ్లి మంచం పక్కన కింద కూర్చున్నాడు. ఆయన నన్ను ఏమీ అనలేదు. "రోజూ దీన్నడిగాను గానీ, నిన్నొక్కరోజు అడగలేదు కదమ్మా" అన్నాడు నాయనమ్మతో. ఎందుకు మానేశావని ఒక్కసారైనా ఎవరైనా అడిగి ఉంటే, దేవుడి దగ్గర మొహమాటం, దొడ్లోకి పరుగులు, అన్నీ చెప్పేసేదేమో. ఆవిడ చెప్పగలిగిన రోజుల్లో అడగలేదు. అడిగిన రోజుకి చెప్పలేకపోయింది. అంతసేపు నిలబడి చూసిన అత్తయ్య కళ్లు తుడుచుకుని, తనే స్టూలు లాక్కుని ఎక్కి, అటక మీంచి రేకు డబ్బా దించింది. "నీళ్లు తేవే" అంది నాతో. "నీళ్లు మాత్రమే. మిగతాది నేను చూసుకుంటాను."

గురువారం పడవ మమ్మల్ని వదిలేసి వెళ్లింది. నాన్న రాజమండ్రి వెళ్లి డాక్టరుగారికి జరిగింది చెప్పి వచ్చాడు. ఆ రోజు నుంచి పోయేదాకా, ఆరేళ్లు, నాయనమ్మ మాత్ర ఒక్క పూట తప్పలేదు. మూడోసారి రాలేదు. వయసు మీదపడి, నిద్రలో ప్రశాంతంగా వెళ్లిపోయింది. ఈ మాట నేను చెబితే వినేవాళ్లు "పోనీలే, మంచే జరిగింది కదా" అంటారు. కాదు. ఆ ఆరేళ్లూ ఆవిడ అరుగు మీద కూర్చునే ఉంది. గట్టు మీద కాళ్లు కనిపించగానే మొహం వెలిగేది, పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. ఆ మనిషి తల కనబడేది, తలూపేది, దాటిపోయేది. ఆ మాటలన్నీ ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. మా ఇంట్లో వాళ్లు నా సంగతి గడప దాటనివ్వలేదు. అడిగినవాళ్లకి "మళ్లీ వచ్చిందండి" అని మాత్రం చెప్పారు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో.

ఇంతా చదివి, ఈవిడ ఆ తరువాత ఎంత జాగ్రత్తపరురాలైందో అనుకుంటారు మీరు. అందుకే మిగతాది కూడా రాయాలి. మూడేళ్ల కిందట నాకూ వచ్చింది. చిన్నదే. అరపూట మూతి ఒక పక్కకి పోయి, ఎడం చేతిలో పట్టు తప్పింది. వేళకి ఆసుపత్రికి చేరాను, తిరిగొచ్చేసింది. రెండోది రాకుండా చూసుకోవడమే ఇక మీ పని అన్నారు డాక్టరమ్మగారు, అచ్చం ఆనాటి మాటే. బుద్ధిగా వేసుకున్నాను. కిందటి వేసవిలో మొగల్తూరులో మా బంధువుల ఇంట పెళ్లికి వెళ్లాను. పదిమంది ఆడవాళ్ల మధ్య మాత్రల పెట్టె తీస్తే, "అయ్యో, మీకింకా తగ్గలేదాండీ?" అని జాలిగా చూస్తారని, సంచి అడుగున పెట్టేశాను. ఒక రోజు అనుకున్నది వారమైంది. వొంట్లో బాగానే ఉంది కూడా.

విశాఖపట్నం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "మందులు వేసుకుంటున్నావామ్మా?"

"వేసుకుంటున్నాను" అన్నాను. ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట! ఫోన్ పెట్టేశాక, ఆ పెళ్లి పందిట్లో, పట్టుచీరలో, ఇంత వయసులో, నా చెవులు కాలిపోయాయి. పది నిమిషాలు అటూ ఇటూ తిరిగాను. తరువాత పక్కకెళ్లి మళ్లీ నేనే ఫోన్ చేశాను.

"వేసుకోవడం లేదమ్మా. వారమైంది."

తిడుతుందనుకున్నాను. అది మాత్రం, "ఎందుకు మానేశావు?" అంది. ఆ ప్రశ్న వినగానే నాకు ఏడుపొచ్చింది. అంతా చెప్పాను, పదిమందిలో సిగ్గుపడిన సంగతితో సహా. నేను లైన్లో ఉంటాను, వెళ్లి వేసుకుని రా అంది. వెళ్లి అందరి మధ్యా కూర్చుని వేసుకున్నాను. ఒకావిడ అడగనే అడిగింది, ఇంకా తగ్గలేదాండీ అని. తగ్గిందండి, అందుకే వేసుకుంటున్నాను అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. ఆవిడ భర్తకీ రెండేళ్ల కిందట వచ్చిందట, ఇప్పుడేమీ వాడడం లేదట. ఆయనెందుకు మానేశారని అడిగి, పెళ్లి భోజనాలయ్యేదాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను.

అబద్ధం చెప్పడం నేను మానలేదు. గట్టు చూసొచ్చిన ఆ రోజు నుంచి నేర్చుకున్నదల్లా దాన్ని త్వరగా దింపుకోవడం. తొమ్మిదేళ్లప్పుడు నాకు దానికి ఒక వానాకాలం పట్టింది, ఇప్పుడు పది నిమిషాలు పడుతోంది. ఒక జన్మకి ఇంతేనా బాగుపడ్డావు అంటే, ఇంతేనండి.